పరీక్షల వేళ జాంబవంతుడి పాఠం

మార్చిలో మా అమ్మాయికి ఇంటర్ పరీక్షలు. పుస్తకం తన చేతిలో, దడ నా గుండెలో! అందుకే కిష్కింధాకాండ చివరి ఘట్టం మళ్లీ చదివాను.

ఎదురుగా 100 యోజనాల సముద్రం. జాంబవంతుడు ముసలివాడు, తాను దూకలేడు. మౌనంగా కూర్చున్న హనుమకి ఆయన బలమే గుర్తుచేశాడు. తిరిగొచ్చేదాకా అందరం ఒంటికాలిపై నిలబడి ఎదురుచూస్తాం అన్నాడు.

పరీక్ష మనం రాయలేం కదా! "ఎన్ని మార్కులొస్తాయ్?" అనేకన్నా, "మొన్న రాని లెక్క ఇవాళ నువ్వే చేశావ్" అని గుర్తుచేద్దాం. ఆ 3 గంటలూ మన దడని రామనామంలో పెడదాం. రాగానే ముందు అన్నం, తర్వాతే పేపర్ సంగతి.

జై హనుమాన్!