కెమిస్ట్రీ చదివితే ఏమవుతాం?

పండక్కి ఊరెళ్తే మా మేనత్త అడిగింది: "కెమిస్ట్రీ చదివి ఏం చేస్తావే? టీచరువేనా?" టీచరు కావడం చిన్న పనేం కాదు. కానీ ఇంకో దారి ఒక్కటైనా చెప్పలేక ఊరుకున్నాను. తిరిగొచ్చాక సీనియర్ అక్కల్నీ, మేడముల్నీ అడిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. మన తెలుగు క్లాసులో కెమిస్ట్రీవాళ్ళం చాలామందిమే ఉన్నాం కదా!

బి.ఎస్సీ.తోనే దొరికేవి: మందులు, రంగులు, సబ్బులు చేసే కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ పని. లోపలికొచ్చే ముడిసరుకునీ, బయటికెళ్ళే సరుకునీ పరీక్షించాలి. మనం చేసే టైట్రేషన్ అక్కడా ఉంటుంది, హెచ్.పి.ఎల్.సి. లాంటి యంత్రాలూ ఉంటాయి. రికార్డులో వైట్‌నర్ పూస్తే మేడమ్ కోప్పడతారు కదా, మందుల కంపెనీలో అది పెద్ద తప్పు. తప్పు అంకె చదవగలిగేలా ఒక్క గీత కొట్టి, సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. మొదట్లో జీతం తక్కువే, షిఫ్టులు కూడా ఉండొచ్చు. ఇది దాచకుండా చెప్పాలి.

పేటెంట్ ఏజెంటు పరీక్షకి కూడా సైన్సు డిగ్రీ చాలు. కొత్త మందో, కొత్త రంగో కనిపెట్టినవాళ్ళ తరఫున దరఖాస్తు రాసిపెట్టే పని ఇది. పేటెంట్ ఆఫీసు మన గిండీలోనే ఉంది.

ఎం.ఎస్సీ. కావలసినవి: ఆహార భద్రతా అధికారి కావాలంటే ఉత్త బి.ఎస్సీ. కెమిస్ట్రీ సరిపోదు, ఎం.ఎస్సీ. ఉండాలి. విషప్రయోగం కేసుల్లో సాక్ష్యం తేల్చే ఫోరెన్సిక్ ల్యాబుల్లోనూ మనవాళ్ళకి పనుంది. ఇలాంటి ల్యాబు మద్రాసులో 1849లోనే మొదలైంది.

పరిశోధన: అడయారులోని కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ పేరు విన్నారా? అప్పటి గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు 1958 నుంచి 1971 దాకా దానికి డైరెక్టరు. పచ్చితోలు కుళ్ళిపోతుంది. అందులోని కొల్లాజెన్ అనే ప్రొటీనుకి టానిన్ పట్టుకుంటే ఇక కుళ్ళదు. మన తంగేడు చెక్కలో ఉన్నది ఆ టానినే. ఇప్పుడు ఎక్కువగా క్రోమియం లవణాలు వాడుతున్నారు. ఆ మురుగునీళ్ళు పాలారుని ఎంత పాడుచేశాయో ఆంబూరు, వాణియంబాడి నుంచి వచ్చేవాళ్ళకి తెలుసు. పాడుచేసింది రసాయనమే, బాగుచేసే దారి వెతకాల్సింది కూడా రసాయనం చదివినవాళ్ళే.

ఇక అసలు సంగతి. ఐ.ఐ.టి.ల్లో ఎం.ఎస్సీ.కి జామ్ పరీక్ష రాయాలి. బెంగుళూరు ఐ.ఐ.ఎస్సీ.లో ఇంటిగ్రేటెడ్ పీహెచ్.డీ.కి కూడా ఇదే పనికొస్తుంది. పరీక్ష సాధారణంగా ఫిబ్రవరిలో ఉంటుంది, కానీ దరఖాస్తులు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే తీసుకుంటారు. మా సీనియర్ అక్క ఒకామె "డిగ్రీ చేతికొచ్చాక చూద్దాంలే" అనుకుంది. చివరి సంవత్సరంలో ఉండగానే రాయొచ్చని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఏడాది పోయింది. ఆ ఏడాదిలోనే ఇంట్లో సంబంధాలు చూడ్డం మొదలెట్టారు. "దరఖాస్తు పెట్టి ఉంటే ఆ కాగితం చూపించి ఆగమనేదాన్నే" అంది నాతో.

నేను థర్డ్ ఇయర్. దరఖాస్తు పెట్టేశాను. చెల్లెళ్ళూ, మీకింకా టైముంది. ఈసారి అత్తయ్య అడిగితే నా దగ్గర జవాబుంది. మీరూ ఒకటి సిద్ధం చేసుకోండి.

— మూడవ సంవత్సరం, రసాయనశాస్త్రం