నాచు క్రీం కొననా అక్కా?

మొన్న సెలవులకి ఇంటికెళ్తే మా చెల్లి ఫోన్లో ఒక యాడ్ చూపించి, “అక్కా, ఈ నాచు క్రీం కొననా?” అంది. పోయిన ఏడాది ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూకి పది రోజుల ముందు నేనూ అలాంటిదే రాసుకున్నాను. ఇంటర్వ్యూ రోజుకి గడ్డం నిండా మొటిమలు! అందుకే తనకి చెప్పిన పాఠమే మీకూ చెప్తున్నాను.

ముందు ఒక మాట. నాచు అంటే ఒకే పదార్థం కాదు. బావి మెట్ల మీద జారే పచ్చటి పాచి దగ్గర్నుంచి, సముద్రంలో మీటర్ల కొద్దీ పెరిగే కెల్ప్ దాకా అన్నీ నాచులే. స్పిరులినా అయితే నిజానికి ఒక రకం బ్యాక్టీరియా! కాబట్టి డబ్బా మీద ‘ఆల్గే’ అని కనిపిస్తే, ఏ ఆల్గే అని అడగాలి.

లాభాలు: గోధుమరంగు నాచు నుంచి ఆల్జినేట్, ఎర్ర నాచు నుంచి క్యారజీనన్ తీస్తారు. తమిళనాడులోని మండపం తీరంలో కప్పాఫైకస్ నాచు పెంచేది ఈ క్యారజీనన్ కోసమే. ఈ జిగురు పదార్థాలు నీటిని పట్టి ఉంచుతాయి. చర్మం మీద పలుచటి పొరలా ఉండి తేమ త్వరగా ఆరిపోకుండా చూస్తాయి. పొడి చర్మానికి హాయి. హెమటోకాకస్ అనే సూక్ష్మ నాచు ఇచ్చే అస్టాజాంథిన్ మంచి యాంటీఆక్సిడెంట్. కానీ ల్యాబ్‌లో పనిచేసినంతా మన ముఖం మీద కూడా పనిచేయాలని లేదు.

నష్టాలు: కొన్ని నాచు సారాలకి చర్మరంధ్రాలు మూసేస్తాయని పేరు. అయితే ఆ రేటింగులు చాలావరకు కుందేలు చెవి మీద చేసిన పాత పరీక్షలవి, మనుషులందరికీ వర్తించవు. నాచు నీటిలోని ఆర్సెనిక్ లాంటివాటిని కూడా పీల్చుకుంటుంది. అందుకే ఎక్కడిదో తెలియని పొడి తెచ్చి ప్యాక్ వేసుకోవద్దు.

మరి నా మొటిమలు క్రీం వల్లేనా? చెప్పలేను. అదే వారం ఫేస్‌వాష్ మార్చాను, రాత్రి రెండింటిదాకా మేలుకున్నాను. మూడు వేరియబుల్స్ ఒకేసారి మార్చి రిజల్ట్ రాస్తే ల్యాబ్‌లో సార్ ఊరుకుంటారా?

అందుకే చెల్లికి మూడు మాటలు చెప్పాను. ఒకటి, ముందు మోచేతి లోపలివైపు రాసి దురద, ఎరుపు వస్తాయేమో చూడు. తర్వాత దవడ దగ్గర కొంచెం చోట రెండు వారాలు వాడు, ఈలోపు ఇంకేదీ మార్చకు. రెండు, పదార్థాల జాబితా ఎక్కువ నుంచి తక్కువకి ఉంటుంది. నాచు చివర్లో ఉంటే డబ్బా మీది బొమ్మకే డబ్బులిస్తున్నావన్నమాట. మూడు, ఇంటర్వ్యూ ముందు, పెళ్లి ముందు కొత్త క్రీం జోలికి పోకు.

అంతా విని, “అయితే నీ పాత డబ్బా ఇవ్వు, చేతి మీద చూస్తా” అంది. తీసి చూస్తే ఎక్స్‌పైరీ డేట్ దాటిపోయింది. నాలుగో మాట అప్పుడు చెప్పాల్సొచ్చింది!