ఉమ్మడి పనిదినముల పట్టిక

సహకారమనగా ధనమును మాత్రమే కలుపుకొనుట కాదు. దినములను గూడ కలుపుకొనుట. అక్కుపల్లి మొదలు పలాస వరకు గల ఉద్దానపు జీడితోటలలో పనులన్నియు ఒక్కమారే మీదపడును. క్రొత్తచివురు వచ్చునపుడును, పూగుత్తులు వెలువడునపుడును, పిందె కట్టునపుడును టీ దోమ నివారణకై మందు చల్లవలెను. అదను అందరికిని ఇంచుమించు ఒక్కటే. ఐదుగురు రైతులకు ఒకే పిచికారీ యంత్రమున్నచో, ఎవరికెప్పుడు తీరికయో తెలియక అది ఒకరి పాకలో ఊరక పడియుండగా వేరొకరి పూత మాడిపోవుట సంభవించును.

ఇందులకు చేతిఫోనులోని క్యాలెండరు మంచి సాధనము. వేర్వేరు కంప్యూటర్లు తమ తేదీల నమోదులను పరస్పరము అందించుకొనుటకు 1998లో ఐక్యాలెండర్ అను ఏకరీతి పద్ధతి ఏర్పడెను. గూగుల్ క్యాలెండరు 2006లో ప్రజలకు అందుబాటులోనికి వచ్చెను. ఒకరు వ్రాసిన దినము పంచుకొన్న వారందరి ఫోనులలోను కనబడుటయే దీని ప్రయోజనము. దీనిని నడపు విధమిది.

1. యంత్రము పేరిట ఒక క్యాలెండరు తెరచి, సభ్యులందరితో పంచుకొనవలెను. దినము, వేళ, తోట, కావలసిన మనుష్యుల సంఖ్య అందు వ్రాయవలెను. మార్చు అధికారము ఇద్దరికి మాత్రమే యిచ్చి, తక్కినవారికి చూచు అధికారమిచ్చిన చాలును. అందరును దిద్దినచో తగవు తప్పదు.

2. ప్రతి సభ్యుడును తన సొంత క్యాలెండరును తీరిక యున్నదా, లేదా అనునది మాత్రమే కనబడునట్లు పంచుకొనవచ్చును. ఆసుపత్రికి పోవు సంగతి, అప్పు తీర్చు సంగతి ఇరుగుపొరుగువారు చూడనక్కరలేదు.

3. నెలాఖరున ఎవరెన్ని దినములు ఇతరుల తోటలో పనిచేసిరో లెక్కింపవలెను. అడిగినంతనే వచ్చువానిపైననే భారమంతయు పడుట మన యూళ్లలో క్రొత్తగాదు. లెక్క కనబడినపుడు మొగమాటము తగ్గును, న్యాయము పెరుగును.

4. వారమునకొక దినమును ఖాళీగా విడువవలెను. వాన పడినను, గాలి హెచ్చినను మందు చల్లరాదు గదా! తప్పిన పనికి ఆ దినము అక్కరకు వచ్చును.

ఇక ఒక హెచ్చరిక. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి, ఉద్దానపు కొబ్బరి, జీడి చెట్లను నేలగూల్చెను. విద్యుత్తు దినముల తరబడి లేకపోయెను. అట్టివేళ ఫోనులోని పట్టిక అక్కరకు రాదు; అందరికిని అదే దినమున అవే చేతులు కావలసియుండును. కావున తుపానుల కాలమైన అక్టోబరు, నవంబరు మాసములలో పట్టికను వారము వారము కాగితముపై వ్రాసి సంఘ కార్యాలయమున అంటింపవలెను. ఫోను లేని సభ్యులకును అదియే ఆధారము. చెట్లు కూలినచో మొదట ఎవరి యింటి దారి తెరువవలెనో, పనివారు లేని వృద్ధుల తోటకు ఎవరు పోవలెనో ముందే నిర్ణయించి దాని క్రింద వ్రాసియుంచవలెను. ఆపద వచ్చిన పిమ్మట వాదించుటకు వ్యవధి యుండదు.

క్యాలెండరు పని చేయదు. పని చేయు మనుష్యులను కలుపును. వ్రాసిన మాట నిలుపుకొననిచో అది వట్టి బొమ్మయే. కావున సభ్యులారా, మొదట ఒక్క యంత్రముతో, ఒక్క నెలకు ప్రారంభింపుడు. రాలేని దినమున ముందురోజు సాయంకాలములోగా పట్టికలో మార్పించుడు. ఈ యొక్క నియమము నిలిచినచో తక్కినవి వాటంతట నవియే కుదురుకొనును.