మైనింగ్ గట్టిదా, స్టేకింగ్ గట్టిదా?

ప్రశ్న: ఇథీరియం 2022లో మైనింగ్ మానేసి స్టేకింగ్‌కు మారింది కదండీ. భద్రతలో బిట్‌కాయిన్ కంటే వెనకబడినట్టేనా?

జవాబు: అలా అనలేం. దాడి చేసేవాడికి పడే ఖర్చు తీరు మారింది, అంతే. బిట్‌కాయిన్ చరిత్రను తిరగరాయాలంటే మైనింగ్ శక్తిలో సగానికి పైగా చేజిక్కించుకోవాలి. అన్ని యంత్రాలు, అంత కరెంటు సమకూర్చుకోవడం దాదాపు అసాధ్యం. అయితే ఈ రక్షణ మైనింగ్ పద్ధతిది కాదు, నెట్‌వర్క్ పరిమాణానిది. మైనింగ్‌తోనే నడిచే ఇథీరియం క్లాసిక్‌పై ఒక్క 2020 ఆగస్టులోనే మూడు దాడులు జరిగాయి. చిన్న నెట్‌వర్క్‌ను లొంగదీసే శక్తి అద్దెకే దొరుకుతుంది మరి! పైగా దాడి ముగిశాక యంత్రాలు చెక్కుచెదరవు.

ఇథీరియంలో ఆ వెసులుబాటు లేదు. పరస్పర విరుద్ధమైన రెండు బ్లాకులు ఖరారు కావాలంటే మొత్తం స్టేక్‌లో, అంటే ధరావతుగా పెట్టిన సొమ్ములో, కనీసం మూడో వంతు రెండువైపులా ఓటేయాలి. దొరికిపోతే ఆ సొమ్ముకు కోత, ధరావతు గల్లంతన్నమాట. నా బెంగల్లా స్టేక్ కొన్ని పెద్ద సేవల చేతుల్లో పోగుపడటం గురించే. మైనింగ్ పూల్స్‌దీ అదే జబ్బనుకోండి.

మీరు సొమ్ము అందుకునేవారైతే, ఇథీరియంలో ఖరారుకు సుమారు 13 నిమిషాలు ఆగండి. బిట్‌కాయిన్‌లో పెద్ద మొత్తాలకు ఆరు బ్లాకులు, అంటే దాదాపు గంట.