సహాయ నౌకలకు అప్పే అసలు గండం

సముద్రంలోని చమురు రిగ్గులకు పైపులు, సిమెంటు, డీజిలు, మంచినీరు చేరవేసే నౌకల కంపెనీలు అమ్మే సరుకు ఒక్కటే: నౌక రోజు అద్దె. అద్దెకు పోని రోజు తిరిగి రాదు. నౌక రేవులో ఖాళీగా ఉన్నా భీమా, అప్పుమీద వడ్డీ ఆగవు.

2014 జూన్‌లో బ్రెంట్ ముడి చమురు బ్యారెల్ 110 డాలర్లు దాటింది. 2016 జనవరిలో 30 డాలర్ల దిగువకు పడింది. చమురు కంపెనీలు తవ్వకాలు తగ్గించాయి. మంచి రోజుల్లో అప్పుచేసి కట్టించిన నౌకలు మాత్రం వచ్చిపడ్డాయి. గిరాకీ తగ్గి, సరఫరా పెరిగి, అద్దెలు కుప్పకూలాయి.

అమెరికాలోని టైడ్‌వాటర్, గల్ఫ్‌మార్క్ కంపెనీలు 2017 మేలో దివాలా రక్షణ కోరాయి. టైడ్‌వాటర్ సుమారు 160 కోట్ల డాలర్ల అప్పు వదిలించుకుని, 2018 నవంబరులో గల్ఫ్‌మార్క్‌ను కలుపుకున్నది. 2023లో నార్వే కంపెనీ సోల్‌స్టాడ్ నుంచి 37 సరఫరా నౌకలు కొన్నది. ఉన్న నౌకలు చేతులు మారినందువల్ల మార్కెట్లో నౌకల సంఖ్య పెరగదు. కొత్తవి కట్టిస్తే పెరుగుతుంది.

చమురు ధర పెరిగినంత మాత్రాన ఈ వాటాలు లాభిస్తాయనుకోరాదు. ఖాళీగా ఉన్న నౌకలెన్ని, కొత్త ఆర్డర్లెన్ని, కంపెనీ అప్పెంత — ఈ మూడూ చూసుకుని బేరం చేయడం క్షేమం.