పిల్లికి మధుమేహం: ఇంట్లో ఇన్సులిన్ మోతాదు మార్చేటప్పుడు తెలిసికొనవలసిన విషయాలు

మధుమేహం మనుష్యులకు మాత్రమే వచ్చే వ్యాధి అని పలువురు భావిస్తారు. అది పొరపాటు. ఇళ్లలో పెరిగే పిల్లులలో, ముఖ్యంగా నడివయస్సు దాటి, బాగా బలిసి, కదలిక లేక పడివుండే వాటిలో ఈ వ్యాధి కనిపిస్తుంది. సంతానం కలుగకుండా శస్త్రచికిత్స చేయించిన మగపిల్లులలో ఇది మరింత ఎక్కువ. స్టీరాయిడ్ మందులు దీర్ఘకాలం వాడిన పిల్లులకు కూడా రావచ్చును.

గజవైద్యానికి పాలకాప్యుని, అశ్వవైద్యానికి శాలిహోత్రుని మన సంప్రదాయం ఆచార్యులుగా స్మరిస్తుంది. పశువులకు కూడా శాస్త్రోక్తమైన చికిత్స అవసరమని మన పెద్దలు ఏనాడో గ్రహించారు. అయితే మధుమేహం ముదిరిన పిల్లికి నేడు ప్రధానమైన ఔషధం ఇన్సులిన్. దానిని నిర్ణయించేది పశువైద్యుడు. రోజుకు రెండు పూటలా సూది వేసేది గృహస్థుడు. ఆ సూదిలో ఎక్కువ తక్కువలు జరిగితే పిల్లి ప్రాణానికే ముప్పు.

ఇటీవల ఒక గృహిణి నా వద్దకు వచ్చి, "పిల్లికి చక్కెర 380 ఉన్నదన్నారు. ఇన్సులిన్ మేమే ఒక యూనిట్ పెంచవచ్చునా? లేక పొడపత్రి చూర్ణం కలిపి పెట్టమంటారా?" అని అడిగారు. రెండూ వద్దన్నాను. కారణాలు అందరికీ ఉపయోగపడతాయని ఇక్కడ వివరిస్తున్నాను.

లక్షణాలు

అధికమైన దప్పిక, అతిమూత్రం, ఎంత తిన్నా చిక్కిపోవడం ముఖ్య లక్షణాలు. కొన్ని పిల్లులు వెనుక కాళ్ల మడమలు నేలకు ఆనించి నడుస్తాయి. ఇది నరాల బలహీనత వలన కలిగేది. ప్రమేహ రోగులలో స్థూలుడు, కృశుడు అని రెండు విధాలవారున్నారనీ, కృశించినవానికి పోషణ అవసరమనీ చరకుడు బోధించాడు. పిల్లి విషయంలోనూ ఈ సూత్రం మరువరాదు. చక్కెర వ్యాధి ఉన్నదని పిల్లిని పస్తు ఉంచకూడదు. బలిసిన పిల్లి కొన్ని రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రాణాపాయం కలుగుతుంది.

ఒక్క పరీక్షతో నిర్ణయం తగదు

పిల్లి స్వభావతః భీరువు. బుట్టలో పెట్టి, ఆటోలో తీసుకొనిపోయి, కుక్కల అరుపుల మధ్య రక్తం తీస్తే, భయం వలననే దాని రక్తంలో చక్కెర 300 దాటవచ్చును. ఆ గృహిణి చెప్పిన 380 అట్టి పరీక్షలోనిదే. ఆ అంకెను చూచి మోతాదు పెంచితే, ఇంటికి వచ్చి భయం తీరిన పిల్లికి అది అధికమవుతుంది.

కనుక ఇంట్లోనే చెవి అంచున సన్నని సూదితో గుచ్చి, గ్లూకోమీటరుతో పరీక్షించడం మేలు. మనుష్యుల గ్లూకోమీటరు పిల్లి రక్తంలో చక్కెరను సాధారణంగా ఉన్నదానికంటె తక్కువగా చూపుతుంది. ఏ యంత్రం వాడుతున్నారో వైద్యునికి చెప్పి, ఎల్లప్పుడూ అదే వాడవలెను.

మోతాదు మార్చే క్రమం

సాధారణంగా 12 గంటలకు ఒకసారి ఒక యూనిట్‌తో చికిత్స ఆరంభిస్తారు. మోతాదు సరిపోయినదీ లేనిదీ తెలియడానికి వైద్యుడు చెప్పిన రోజున, ఉదయం సూదికి ముందొకసారి, తరువాత రెండేసి గంటలకు ఒకసారి, సాయంకాలపు సూది వరకు చక్కెర చూచి వ్రాసికొనవలెను. వీటిలో అతి తక్కువగా వచ్చిన అంకె ముఖ్యమైనది. అది 80 నుండి 150 మధ్య ఉంటే మోతాదు తగినట్లే. 150 కంటె ఎక్కువగా ఉండి, దప్పిక, అతిమూత్రం తగ్గకపోతే, వైద్యుడు అర యూనిట్ గాని ఒక యూనిట్ గాని పెంచుతాడు. 80 కంటె తగ్గితే మోతాదు తగ్గించవలెను; ఆనాటి తరువాతి సూదికి ముందే వైద్యుని అడగవలెను.

కొత్త మోతాదు ఫలితం స్థిరపడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. నిన్న పెంచి, ఈనాడు మరల పెంచడం తగదు. పెంచడానికి వారమైనా ఆగవలెను. తగ్గించడానికి ఒక పూట కూడా ఆగరాదు. చక్కెర కొన్నాళ్లు ఎక్కువగా ఉంటే చికిత్సకు వ్యవధి ఉంటుంది. మరీ పడిపోతే గంటలలో ప్రాణం పోవచ్చును.

సిరంజిలో ప్రమాదం

ఆ గృహిణి అత్తగారు కూడా ఇన్సులిన్ వేసికొంటారు. ఆమెది మిల్లీలీటరుకు 40 యూనిట్ల మందు. దాని సిరంజికి ఎర్ర మూత. పిల్లికి వ్రాసినది 100 యూనిట్ల గ్లార్జిన్. దాని సిరంజికి నారింజ రంగు మూత. పిల్లి సిరంజిలు అయిపోయిన ఒక రాత్రి, ఎర్ర మూత సిరంజితో "ఒక యూనిట్" వేశారు. తెల్లవారుజామున పిల్లి తూలిపడింది. 100 యూనిట్ల మందును 40 యూనిట్ల సిరంజిలో ఒక గీత వరకు తీస్తే, పిల్లికి పోయేది ఒక యూనిట్ కాదు, రెండున్నర యూనిట్లు. అదృష్టవశాత్తు ఆ పిల్లి బ్రతికింది.

మన దేశంలో ఈ రెండు విధాల ఇన్సులిన్లూ దొరుకుతాయి. కనుక సీసాపై అంకెను, సిరంజిపై అంకెను ప్రతిసారీ సరిచూడవలెను. ఇంట్లో ఇద్దరు రోగులుంటే రెండు డబ్బాలు వేరుగా పెట్టి పేర్లు వ్రాయవలెను. మందును ఫ్రిజ్‌లో 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచవలెను, గడ్డకట్టనీయరాదు.

ఆహారం మారితే మోతాదూ మారవలెను

పిల్లి సహజంగా మాంసాహారి. పిండిపదార్థాలను వినియోగించుకొనే శక్తి దాని కాలేయానికి తక్కువ. మన ఇళ్లలో ప్రేమతో పెట్టే పాలన్నం, పెరుగన్నం, బిస్కెట్లు దీనికి అపథ్యం. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం, చేప మేలు. పోషకాలు లోపించకుండా ఏది ఎంత పెట్టవలెనో వైద్యుని అడిగి నిర్ణయించుకొనవలెను. ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషతుల్యాలు.

అయితే ఒక హెచ్చరిక. అన్నం మానిపించగానే చక్కెర తగ్గుతుంది. పాత మోతాదే వేస్తుంటే అది అధికమై ముంచుతుంది. అందుచేత వైద్యునికి తెలియజేయకుండా ఆహారం మార్చరాదు. పథ్యమూ మందూ సరిగా కుదిరిన కొన్ని పిల్లులకు కొన్ని నెలలలో ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుంది. ఇది శుభవార్తే గాని, పరీక్షలు మానివేసిన ఇంట్లో ఇదే ఆపదగా మారుతుంది.

పిల్లి తినకపోయినా, వాంతి చేసికొన్నా పూర్తి మోతాదు వేయక వైద్యుని అడగవలెను. సూది సరిగా పడినదో లేదో సందేహం కలిగితే రెండవసారి వేయరాదు. ఒక పూట తప్పినందువలన సాధారణంగా నష్టం ఉండదు.

చక్కెర పడిపోతే

నీరసం, తూలడం, వణుకు, కనుపాపలు విప్పారడం, మూర్ఛ దీని గుర్తులు. పిల్లి తినగలిగితే వెంటనే ఆహారం పెట్టవలెను. తినలేకపోతే ఒక చెంచాడు తేనె గాని గ్లూకోజు నీరు గాని కొద్దికొద్దిగా చిగుళ్లకు రాయవలెను. మూర్ఛలో ఉన్నప్పుడు నోటిలో పోయరాదు, పళ్ల మధ్య వ్రేలు పెట్టరాదు. తేరుకొన్నదని ఊరుకొనక వైద్యాలయానికి తీసుకొనిపోవలెను. ఇందుకు భిన్నంగా, పిల్లి తిండి మాని, వాంతులతో మందకొడిగా ఉంటే చక్కెర మితిమీరి రక్తం ఆమ్లమయమైనదని శంకించవలెను. ఇదీ అత్యవసర స్థితియే.

గృహచికిత్సల మాట

మెంతులు, కాకర, పొడపత్రి, నేరేడు గింజలు మనుష్యుల మధుమేహంలో మేము వాడే ద్రవ్యాలే. కాని మనిషికి చెప్పిన ద్రవ్యాన్ని, మోతాదును పిల్లికి అన్వయించరాదు. నాలుగైదు కిలోల ప్రాణికి ఇన్సులిన్‌తోపాటు ఇవి చేరితే చక్కెర ఎంత దిగునో ఎవరూ చెప్పలేరు. ఇన్సులిన్ మాని వీటినే నమ్ముకొనడం మరింత అనర్థం. ఆయుర్వేదాన్ని జీవితకాలం ఆచరించిన వైద్యునిగా ఈ మాట చెప్పుటకు నేను సంకోచించను. తనకు తగని చోట ఔషధాన్ని వాడకుండుట కూడా వైద్యధర్మమే.

ఇంటివారు చేయవలసినది ఒక చిన్న పుస్తకం పెట్టుట. తేది, వేళ, తిన్న ఆహారం, చక్కెర, వేసిన యూనిట్లు అందులో ప్రతిదినం వ్రాయండి. ఆ పుస్తకం చూచి మోతాదు మార్చే వైద్యుడు పొరబడే అవకాశం తక్కువ. నోరు లేని ఆ ప్రాణి తన బాధ చెప్పుకొనలేదు. దాని పక్షాన చెప్పేది ఆ పుస్తకమే.