తట్టు గురించి, నర్సింగ్‌లో చేరిన మనవరాలికి

తట్టు వైరస్ వల్ల వచ్చే జబ్బు. రోగి దగ్గినా తుమ్మినా ఆ తుంపర్లతో వైరస్ గాలిలో చేరి, రోగి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా గదిలో నిలిచి ఉంటుంది. రక్షణ లేనివాళ్లు పదిమంది దగ్గరగా మసలితే తొమ్మిదిమందికి అంటుతుంది. మన విశాఖపట్నంలో గాజువాక, మల్కాపురం పేటల్లో ఇంటిల్లిపాదీ ఒకే గదిలో పడుకునే చోట దానికి ఎదురుండదు.

వైరస్ సోకిన పది పన్నెండు రోజులకు జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడడం మొదలవుతాయి. పడిశమే కదా అనుకుంటారు. బుగ్గల లోపల, దవడపళ్లకు ఎదురుగా ఉప్పురవ్వల్లాంటి తెల్లచుక్కలు కనిపిస్తే అనుభవమున్న వైద్యులు అప్పుడే పోల్చుకుంటారు. వాటిని కోప్లిక్ మచ్చలంటారు. మరి రెండు మూడు రోజులకు చెవుల వెనక, నుదుటి మీద దద్దుర్లు లేచి, మొహం మీంచి కాళ్ల దాకా దిగుతాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. దద్దుర్లు లేవడానికి నాలుగు రోజుల ముందు నుంచే బిడ్డ ఇతరులకు అంటిస్తూ ఉంటుంది, లేచాక మరో నాలుగు రోజులూ అంతే. కాబట్టి వేరుగా ఉంచడం అవసరమే గానీ, అదొక్కటే చాలదు.

అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపమండలు కడితే వచ్చే నష్టమేమీ లేదు. పథ్యమంటూ బిడ్డ నోరు కట్టేయడమే ప్రమాదం. ప్రాణం తీసేవి దద్దుర్లు కావు. వెనకే వచ్చే న్యుమోనియా, విరేచనాలు, అరుదుగా మెదడువాపు. వైరస్‌ను చంపే మందు లేదు. తిండి, నీళ్లు, తల్లిపాలు ఆపకూడదు. విటమిన్ ఎ వరసగా రెండు రోజులు వేయాలి. ఏడాది దాటిన పిల్లలకు ఒక్కో మోతాదు 2 లక్షల యూనిట్లు. ఆయాసం, ఫిట్స్, మగత కనిపిస్తే వెంటనే కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కె.జి.హెచ్.) తరలించాలి.

మనది రేవుపట్నం, ఓడలకూ తట్టుకూ పాత చుట్టరికమే. 1846లో కోపెన్‌హాగెన్ నుంచి ఓడలో వచ్చిన ఒక వడ్రంగితో ఫారో దీవులకు తట్టు చేరి, సుమారు 7,800 మందిలో 6,000 మందికి సోకింది. 1781లో అది వచ్చి తగ్గిన ముసలివాళ్లను మాత్రం మళ్లీ తాకలేదని పానుమ్ అనే డేనిష్ వైద్యుడు గమనించాడు. ఒకసారి వస్తే జన్మంతా రక్షణ ఉంటుందన్నమాట. జబ్బు పడకుండానే ఆ రక్షణనిచ్చే టీకా 1963లో వచ్చింది.

మన దేశంలో సార్వత్రిక టీకా కార్యక్రమం మొదలైన 1985 నుంచీ తట్టు టీకా అందులో ఉంది, 2010లో రెండో డోసు చేరింది. 2017 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలకు తట్టు, రుబెల్లా టీకా ప్రత్యేకంగా వేశారు. ఇప్పుడు తొమ్మిదో నెల నిండగానే ఒకటి, పదహారు నుంచి ఇరవైనాలుగు నెలల మధ్య రెండోది. మొదటి డోసు పట్టని పిల్లలకు రెండోదే దిక్కు. నూటికి 95 మందికి రెండూ అందితేనే వ్యాప్తి ఆగుతుంది. రేవులో, కట్టడాల దగ్గర పని వెతుక్కుంటూ ఊళ్లు మారే కుటుంబాల్లో తప్పిపోయేది ఆ రెండోదే. ఇల్లు మారినా టీకా కార్డు వెంట ఉండాలని తల్లికి చెప్పడం సూది వేసినంత ముఖ్యం. సూది వేసేటప్పుడు మరో సంగతి, ద్రావకంతో కలిపిన టీకాను నాలుగు గంటల్లోపే వాడాలి, మిగిలితే పారేయాల్సిందే.